పావులూరి మల్లన పద్యములో ఇరువది అంకెలు

కొల్లేటి ఒడ్డున, ఆకివీడు చుట్టుపట్ల, వడ్లను కొలుచువారే కాని లెక్కించువారు లేరు. పూర్వము సోల, మానిక, కుంచము, తూము, పుట్టి అని కొలిచెడివారు. నేడు బస్తా అందురు, క్వింటాలు అందురు. కళ్ళములో కూర్చుండి ఒకటి, రెండు, మూడు అని గింజలను ఎంచువానిని చూచినచో ఏ రైతైనను నవ్వక మానడు. అయినను వడ్లగింజలను ఎంచిన కథ యొకటి మన దేశమున పుట్టినదని లోకమంతయు చెప్పుకొనుచున్నది. ఆ ఎంపికలో తేలిన సంఖ్యను మన తెలుగు కవి యొకడు వందల యేండ్లకు పూర్వమే పద్యములో బంధించి మనకు దాచిపెట్టినాడు. నేటి మా ప్రసంగమునకు విషయము ఆ సంఖ్యయే. అది ఎంత పెద్దదో చెప్పి శ్రోతలను ఆశ్చర్యపరచుట మా ముఖ్యోద్దేశము కాదు. పద్యములో వినివచ్చిన సంఖ్య సరియైనదని మనకెట్లు తెలియును? దానిని మన యింటిలో, పలకమీద, మనమే సరిచూచుకొనగలమా? ఇదియే మా ప్రశ్న.

కథ అందరును ఎరిగినదే. చదరంగమును కనిపెట్టిన పండితుని మెచ్చి రాజు వరము కోరుకొమ్మనెను. ఆ పండితుడు, "మహారాజా! చదరంగపు పలకపై మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు గడి గడికి రెట్టింపు చేయుచు అరువదినాలుగు గళ్ళకును ధాన్యమిప్పింపుడు" అనెను. ఇంత స్వల్పమా యని రాజు నవ్వి మాట యిచ్చెను. లెక్క చూచుకొనక మాట యిచ్చుటయే ఆయన చేసిన పొరపాటు.

ఈ లెక్కను ఆకివీడు బస్తాలతో చూతము. నలుబది వడ్లగింజలు ఒక గ్రాము తూగునని అనుకొందము. డెబ్బదియైదు కిలోల బస్తాకు ముప్పది లక్షల గింజలు పట్టును. మొదటి వరుస ఎనిమిది గళ్ళకును కలిపి 255 గింజలు. అది పిడికెడు కూడ కాదు. రెండు వరుసలకు 65,535 గింజలు, అనగా సుమారు 1,640 గ్రాములు. మూడు వరుసలు పూర్తియగునప్పటికి అయిదున్నర బస్తాలు. నాలుగు వరుసలు, అనగా సగము పలక నిండునప్పటికి 429,49,67,295 గింజలు. ఇంచుమించు 1,430 బస్తాలు. ఇంతవరకు రాజు వెరవనక్కరలేదు. ఇన్ని బస్తాలను ఆకివీడు వైపు ఏ వడ్ల మిల్లైనను దింపుకొనగలదు.

ఇక రెండవ సగము. ముప్పదిమూడవ గడి యొక్కటియే అంతకు ముందటి ముప్పదిరెండు గళ్ళ మొత్తము కంటె ఒక గింజ ఎక్కువ. ఏ గడియైనను అంతే. తనకు ముందున్న గళ్ళన్నిటి మొత్తమునకు ఒకటి చేర్చినంత యుండును. పలక ముగియునప్పటికి బస్తాలు ఆరు లక్షల కోట్లు దాటును. బరువు నలుబదియారు వేల కోట్ల టన్నులు. నేడు ప్రపంచమంతటను ఏటేట పండు వడ్లు ఇంచుమించు ఎనుబది కోట్ల టన్నులు. ఆ లెక్కను ఇది అయిదువందల యేండ్లకు పైబడిన పంట. కొల్లేటి అభయారణ్యపు విస్తీర్ణము సుమారు 308 చదరపు కిలోమీటర్లు. ఆ మేర అంతటను ఈ వడ్లను సమముగా పోసినచో రాశి సుమారు రెండున్నర కిలోమీటర్ల ఎత్తు లేచును. తూర్పు కనుమలలో ఏ శిఖరమునకును అంత ఎత్తు లేదు.

రెట్టింపునకు గల ఈ స్వభావము రాజుల కథలలో మాత్రమే కలదని తలపరాదు. కొల్లేటి ప్రాంతమువారికి గుర్రపుడెక్క తెలియనిది కాదు. అనుకూలమైన నీటిలో ఆ మొక్క రెండు వారములకు ఇంచుమించు రెట్టింపగునందురు. చెరువంతయు నిండుటకు రెండు వారముల ముందు అది సగము చెరువులోనే యుండును. ఆరు వారముల ముందు ఎనిమిదవ వంతులోనే యుండును. ఎనిమిదిలో ఏడు వంతులు తేటనీరు కనబడుచుండగా, ఇంకను చాల కాలమున్నదని ఊరకున్నవానికి మిగిలిన గడువు ఆరు వారములే. కొల్లేటి నీరు సముద్రమునకు పోవు మార్గము ఉప్పుటేరు. అందు తూడు పేరుకొన్నచో వరదనాడు నీరు చేలలో నిలుచునని ఆ గట్టుల వెంట కాపురమున్నవారికి ఎవరును చెప్పనక్కరలేదు. చక్రవడ్డీ అప్పు సంగతియు ఇట్టిదే. మొదటి సగము కాలము మనలను నిద్రపుచ్చును. రెండవ సగము మేలుకొలుపును. అందుచేత ఇట్టి సంఖ్యను ఉజ్జాయింపుగా కాక, తుది అంకె వరకు ఎరుగగోరిన పెద్దలు పూర్వమే యుండిరి.

వారిలో ఒకడు పావులూరి మల్లన. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, తొమ్మిదవ శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెనిగించినవాడు ఇతడు. నన్నయ కాలమునకు సమీపమున నున్నవాడు. తెలుగున శాస్త్రగ్రంథము వ్రాసినవారిలో ప్రథమ గణ్యుడు. చదరంగపు గళ్ళ మొత్తమును తెలుపు చంపకమాల యొకటి ఆయన పేర ప్రసిద్ధమై యున్నది. దాని నుండి వెలువడు సంఖ్య ఇది: 18446744073709551615. ఇరువది అంకెలు. మన వాడుకలో చదువవలెనన్నచో, ఒక లక్ష ఎనుబదినాలుగు వేల నాలుగువందల అరువదియేడు కోట్ల కోట్లు, నలుబదినాలుగు లక్షల ఏడు వేల మూడువందల డెబ్బది కోట్లు, తొంబదియైదు లక్షల ఏబదియొక్క వేయి ఆరువందల పదునైదు.

పద్యములో ఈ అంకెలు అంకెలుగా లేవు. వస్తువుల పేర్లుగా నున్నవి. చంద్రుడనిన ఒకటి; అగ్నులు మూడు; వేదములు నాలుగు; మన్మథుని శరములు అయిదు; కులపర్వతములు ఏడు; దిక్కుల యేనుగులు ఎనిమిది; దేహమునకు రంధ్రములు తొమ్మిది; ఆకాశము సున్న. వీనికి భూతసంఖ్యలని పేరు. ఒకట్ల స్థానము నుండి మొదలిడి ఎడమకు నడచుట నియమము; కావున పద్యములో మొదట విన్నది సంఖ్యలో కడపటి అంకె. ఒకే అంకెకు పెక్కు పేర్లుండుట కవికి సౌకర్యము. ఈ సంఖ్యలో నాలుగు అను అంకె నాలుగు తావుల వచ్చును. దానిని కవి ఒకచోట వేదమనియు, ఒకచోట బ్రహ్మ ముఖమనియు, రెండుచోట్ల వేర్వేరు పేర్లతో సముద్రమనియు చెప్పినాడు. మరియొక వింత గమనింపుడు. రెట్టింపు మీద రెట్టింపుగా, రెండు చేతనే గుణించుచు పుట్టించిన ఈ సంఖ్యలో రెండు అను అంకె ఒక్క తావునను లేదు.

ఇక మా ప్రశ్నకు వత్తము. తాటాకుపై వ్రాయసకాడు అంకెను పొరబడి వ్రాయవచ్చును. పద్యమును మాత్రము ఛందస్సు కాపాడునని మన పెద్దల నమ్మకము. ఆ నమ్మకము కొంతవరకే నిజము. ప్రాస స్థానమునను యతి స్థానమునను మాట మారినచో చెవికి వెంటనే తెలియును. మిగిలిన తావులలో ఆ కట్టడి లేదు. శర, శశి, గిరి అను మూడు మాటలును రెండేసి లఘువులే. గిరి యున్న తావున ఎవడైనను ఏమరపాటున శశి అని చదివెననుకొందము. పద్యము నడక చెడదు; వినువారికి అనుమానము రాదు; కాని ఏడు ఒకటి యగును. ఆ తావు కోటి కోట్ల దరిదాపులలో నున్నచో తప్పు ఎంతటిదో ఊహింపుడు. చెవికి దొరకని ఈ తప్పును లెక్క పట్టుకొనవలెను. అందుకు రెండు ఉపాయములు చెప్పెదము. శ్రోతలు పలకయో కాగితమో దగ్గర నుంచుకొందురు గాక.

మొదటిది తొమ్మిది తీసివేత. ఒకటితో మొదలిడి రెట్టించుచు పొండు; తొమ్మిది దాటినప్పుడెల్ల తొమ్మిది తీసివేయుడు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. తరువాత పదునారు లోనుండి తొమ్మిది పోగా ఏడు. పదునాలుగు లోనుండి పోగా అయిదు. పది లోనుండి పోగా మరల ఒకటి. ఆరు రెట్టింపులకు మొదటికి వచ్చితిమి. కావున అరువది రెట్టింపులకును మొదటికే వత్తుము. ఇంకను నాలుగు రెట్టింపులు మిగిలినవి: రెండు, నాలుగు, ఎనిమిది, ఏడు. అరువదినాలుగు సారులు రెట్టించినచో శేషము ఏడు. మన మొత్తము దానికంటె ఒకటి తక్కువ గనుక శేషము ఆరు కావలెను. ఇప్పుడు పద్యములోని ఇరువది అంకెలను కూడుడు, 87 వచ్చును. ఎనిమిదియు ఏడును పదునైదు. ఒకటియు అయిదును ఆరు. సరిపోయినది. గిరి శశిగా మారియున్నచో మొత్తము 81 అయి, శేషము సున్నయై, తప్పు బయటపడియుండెడిది.

అయితే ఈ ఉపాయమునకు ఒక లోపము కలదు. ప్రక్క ప్రక్కనున్న రెండంకెలు తారుమారైనచో మొత్తము మారదు. అందులకు రెండవ ఉపాయము పదునొకండు తీసివేత. కుడి నుండి మొదటి, మూడవ, అయిదవ అంకెలను, ఇట్లు ఒకటి విడిచి యొకటి కూడుడు, 62 వచ్చును. విడిచిన అంకెలను వేరుగ కూడుడు, 25 వచ్చును. భేదము 37. దానిని పదునొకండుచే భాగింపగా శేషము నాలుగు. అది ఎంత కావలెనో చూతము. మునుపటివలెనే రెట్టించుచు పదునొకండు తీసివేసినచో 1, 2, 4, 8, 5, 10, 9, 7, 3, 6, మరల 1. పది రెట్టింపులకు మొదటికి వచ్చును, అరువదికిని అంతే. తక్కిన నాలుగు రెట్టింపులకు రెండు, నాలుగు, ఎనిమిది, అయిదు. అందుండి ఒకటి తీయగా నాలుగు. ఇదియు సరిపోయినది. ఇరువది అంకెల సంఖ్యను వ్రాతప్రతి చూడకయే, పది నిమిషములలో, రెండు వైపులనుండి పరీక్షించితిమి. ఏ యొక్క అంకె మారినను, ప్రక్క ప్రక్క అంకెలు తారుమారైనను ఈ పరీక్షకు దొరకక పోదు.

ఇంకొక సాక్ష్యము కలదు. సుమారు 1000వ సంవత్సరమున ఖ్వారిజ్ము దేశీయుడైన అల్ బెరూనీ తన కాలగణన గ్రంథమున ఈ చదరంగపు మొత్తమునే లెక్కగట్టెను. ఆయన అరబ్బీలో తేల్చినదియు ఈ ఇరువది అంకెలే. దేశములు వేరు, భాషలు వేరు, సంఖ్య యొక్కటే.

సంఖ్య సరియైనదని తేలినది. ఇప్పుడు దాని లోపల ఏమున్నదో చూతము. చదరంగపు పలకను మడతలు పెట్టి చూచుట ఇందుకు సులువైన మార్గము. మొదటి రెండు గళ్ళ మొత్తము మూడు. తరువాతి రెండు గళ్ళలోని గింజలు వరుసగా వీనికి నాలుగు రెట్లు. కావున నాలుగు గళ్ళ మొత్తము మూడును, దానికి నాలుగు రెట్లును. అనగా మూడయిదులు పదునైదు. తరువాతి నాలుగు గళ్ళు వీనికి పదునారు రెట్లు. కావున వరుస మొత్తము పదునైదును పదునేడుచే గుణించిన 255. రెండవ వరుస మొదటిదానికి 256 రెట్లు. రెండు వరుసల మొత్తము 255ను 257చే గుణించిన 65,535. ఇట్లే సగము పలక, 65,535ను 65,537చే గుణించినది. పూర్తి పలక, ఆ సగమును 429,49,67,297చే గుణించినది. మల్లన పద్యములోని మహాసంఖ్య ఆరు సంఖ్యల లబ్ధమన్నమాట: 3, 5, 17, 257, 65,537, 429,49,67,297. పలకను ఆరుసారులు మడచితిమి. ప్రతి మడతయు ఒక గుణకమును ఇచ్చినది.

ఈ ఆరింటికిని గణితలోకమున గొప్ప చరిత్ర కలదు. 17వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశమున పియర్ ద ఫెర్మా అను మేధావి యుండెను. వృత్తిచేత న్యాయశాస్త్రజ్ఞుడు, సంఖ్యాశాస్త్రమున నాటికి సాటిలేనివాడు. మొదటి అయిదును ప్రధాన సంఖ్యలే, అనగా ఒకటిచేతను తమచేతను తప్ప మరి దేనిచేతను శేషము లేకుండ భాగింపబడనివి. వీనిని చూచి ఆయన ఆరవదియు, ఆ తీరున వచ్చునవన్నియు ప్రధాన సంఖ్యలే యని విశ్వసించెను. 1640 ప్రాంతమున మిత్రులకు వ్రాసిన లేఖలలో ఆ మాట తెలిపెను. నిరూపణము లేదని ఆయనయే యెరుగును, అయినను నమ్మెను. అంతటివాడు చెప్పిన మాట తొంబది యేండ్లకు పైగా అట్లే నిలిచినది.

1732లో లెయొనార్డు ఆయిలరు ఆ ఆరవ సంఖ్యను విడగొట్టెను. అది 641ని 67,00,417చే గుణించినది. ఈ రెండింటిని హైస్కూలు విద్యార్థి యెవడైనను గుణించి చూడవచ్చును. ఇంత పెద్ద సంఖ్యకు 641 అను భాజకము ఎట్లు దొరకెను? ఒక్కొక్క సంఖ్యచే భాగించుచు పోయినచో నూటికి మించిన ప్రధాన సంఖ్యలను దాటవలసి యుండును. ఆయిలరు తరువాత నిరూపించిన నియమమొకటి యీ శ్రమను తగ్గించును. ఈ ఆరవ సంఖ్యకు ప్రధాన భాజకమేదైన నున్నచో అది అరువదినాలుగు యొక్క ఏదో యొక గుణిజమునకు ఒకటి చేర్చినదై యుండి తీరవలెను. అట్టి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అయిదవ ప్రయత్నమునకే తలుపు తెరచుకొనును. చదరంగపు గళ్ళెన్నియో, ఆ తాళము చెవి గుర్తును అదియే: అరువదినాలుగు.

కావున మన సంఖ్యకు ప్రధాన భాజకములు ఏడు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. మొదటి రెంటికి సాక్ష్యము పైకే కనబడును. చివర అయిదున్నది గనుక అయిదుచే భాగింపబడును. అంకెల మొత్తము 87 మూడుచే భాగింపబడును గనుక సంఖ్యయు భాగింపబడును. ఫెర్మా చెప్పిన తీరులో 65,537 తరువాత మరియొక ప్రధాన సంఖ్య నేటివరకు దొరకలేదు. ఆ తొలి అయిదింటికి వేరొక ప్రయోజనమును కలదు. పదునేడు సమభుజముల ఆకృతిని వృత్తలేఖినితోను గీతబద్దతోను గీయవచ్చునని 1796లో పందొమ్మిదేండ్లయినను నిండని గౌస్ కనుగొనెను. అట్లు గీయుటకు వీలగుట పదునేడు ఈ వరుసలోని సంఖ్య యగుటచేతనే.

ఈ సంఖ్య నేడును మన నడుమ తిరుగుచున్నది. నేటి కంప్యూటర్లలో పెక్కింటి యందు ఒక సంఖ్యను దాచుటకు అరువదినాలుగు చిన్న గళ్ళుండును. ఒక్కొక్క గడిలో సున్నయో ఒకటియో యుండును. గళ్ళన్నిటను ఒకటి నిండినప్పుడు ఏర్పడు మిక్కిలి పెద్ద సంఖ్య మల్లన పద్యములోనిదే. 1883లో ఎదువార్ ల్యూకా అను ఫ్రెంచి గణితజ్ఞుడు ప్రచురించిన ఆటలో అరువదినాలుగు బిళ్ళలను ఒక కంబము నుండి వేరొక కంబమునకు నియమము తప్పక మార్చుటకు కావలసిన ఎత్తులును ఇన్నియే. క్షణమున కొక ఎత్తు చొప్పున వేసినను ఏబదియెనిమిది వేల కోట్ల సంవత్సరములు చాలవు.

ఇంతయు చెప్పుటలో మా భావము ఒక్కటి. ఫెర్మా మహామేధావి, ఆయన నమ్మినది తప్పయ్యెను. మల్లన పద్యమును నోట పట్టినవారిలో పెక్కుమంది గణితమెరుగని సామాన్యులై యుందురు. వారు అందించినది తుది అంకె వరకు ఒప్పయినది. చెప్పినవాని గొప్పతనమును బట్టి సంఖ్య ఒప్పు కాదు, అనామకత్వమును బట్టి తప్పును కాదు. సరిచూచినప్పుడే తెలియును. సరిచూచుటకు పెద్ద చదువు అక్కరలేదనియు, కూడిక, రెట్టింపు, తీసివేత చాలుననియు ఇప్పుడే చూచితిమి. వడ్డీ చీటిలోని మొత్తమైనను, కాటా చీటిలోని బరువైనను, పెద్దలు నేర్పిన పద్యమైనను ఈ మర్యాదకు తగినవే.

ఇండ్లలో చదరంగపు పలకలున్నవారు ఒక సాయంకాలము పిల్లలను కూర్చుండబెట్టుకొని మొదటి రెండు వరుసలను వడ్లగింజలతో నింప ప్రయత్నింతురు గాక. మొదటి వరుస నవ్వులాటగా ముగియును. రెండవ వరుస నడుమ గింజలు గళ్ళు దాటి పొర్లును; అప్పుడు ఎంచుట మాని కొలుచుట మొదలిడవలసి వచ్చును. మిగిలిన ఆరు వరుసలను పలకమీద లెక్కగా వ్రాయించి, తుదకు వచ్చిన ఇరువది అంకెలను కూడి చూడుడనుడు. 87 వచ్చినచో వారి లెక్క సరియగు మార్గమున నున్నట్లే. రానిచో తప్పెక్కడ దొరలెనో వారే వెదకుకొందురు.